మొదట ఆగిన బండి

నవ్వును సృష్టించిన దేవునికి స్తోత్రం. మట్టితో మనిషిని చేసి, ఆ మట్టి తెలివితేటలన్నీ చూస్తూ కూడా ఓపిక పట్టిన తండ్రికి మహిమ. నీ చిత్తమేమిటో చెప్పమని అడుగుతూనే, ఏం చెప్పాలో కూడా ఆయనకే నేర్పబోయిన నన్ను కోప్పడక, ఒక ముసలావిడ చేతికి గొడుగిచ్చి నా పక్కన నిలబెట్టిన ప్రభువుకు వేవేల వందనాలు.

ఆ ముసలావిడ కిందటి నెలలో కన్నుమూశారు. బందరులో మా ఇంట్లో కూర్చుని డిగ్రీ పిల్లల లెక్కల పేపర్లు దిద్దుకుంటుంటే, మా ఊరి సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు: "మామ్మగారు ప్రభువునందు నిద్రించారు." నిజానికి ఏడుపు రావాలి. నాకు ముందు నవ్వొచ్చింది. మామ్మగారు నిద్రించడమేమిటి? ప్రసంగం మధ్యాహ్నం దాటిపోయినా రెప్ప వాల్చని మనిషి. పక్కన ఎవరైనా తూగితే గొడుగు పిడితో డొక్కలో పొడిచి, "పరలోకంలో పడుకుందువుగాని, ఇప్పుడు విను" అని గుసగుసలాడే మనిషి. ఆ తర్వాత ఏడ్చాను. ఆ రోజు మిగతా పేపర్లకు మార్కులు కాస్త ఎక్కువే పడ్డాయి.

ఆవిడ మాకు బంధువు కాదు. కోడూరులో మా సంఘాన్ని మొదలుపెట్టిన పాస్టరుగారి భార్య. ఆయన ఉన్నన్నాళ్ళూ అందరికీ అమ్మగారు. ఆయన పోయి కొత్త పాస్టరుగారు వచ్చాక, అమ్మగారనే పిలుపు ఆయన భార్యకు వెళ్ళిపోయింది. ఈవిడ మామ్మగారయ్యారు. "పదవి పోతే పోయింది కానీ, పోతూ పోతూ వయసు పెంచి పోయింది" అనేవారు.

మా వైపు ఎవరితో మాట్లాడినా అండీ పెడతాం. బస్సు కండక్టరుకు, కూరగాయలమ్మే ఆవిడకు, రాంగ్ నంబరు చేసినవాడికి కూడా. ఒక్క దేవుణ్ణే నువ్వు, నీవు అంటాం. మామ్మగారు అనేవారు కాదు. "ప్రభువుగారండీ, మీరు పంపిన వాన సరిపోయిందండి. నారుమడులు మునుగుతున్నాయి. ఇక చాలించండి" అని ప్రార్థించేవారు. కొత్త పాస్టరుగారు ఒకసారి నెమ్మదిగా చెప్పిచూశారు.

"మామ్మగారూ, తండ్రిని అండీ అనక్కర్లేదండి. చనువుగా నువ్వు అనొచ్చు."

"మిమ్మల్ని అండీ అంటున్నాను కదండీ. ఆయన మీకంటే తక్కువా?"

పాస్టరుగారు మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

సంఘంలో పొడుగు ప్రార్థనల పెద్దాయన ఒకరుండేవారు. సృష్టి దగ్గర ఎత్తుకుని, జలప్రళయం దాటించి, ఎర్ర సముద్రం ఒడ్డుకు తెచ్చేసరికి వెనక వరసలో పసిపిల్లలు ఏడుపు మొదలుపెట్టేవాళ్ళు. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. ఆ ఆగిన చోట మామ్మగారు గట్టిగా "ఆమేన్" అనేవారు. అలవాటు కొద్దీ సంఘమంతా "ఆమేన్" అనేది. సంఘం ఆమేన్ అన్నాక ప్రార్థనను మళ్ళీ అందుకోవడం ఎంత పెద్దాయనకైనా కష్టం. ఇదేం పనండీ అని ఎవరో అడిగితే, "సముద్రంలోకి దిగిపోతున్నారు నాయనా. మునిగిపోతారేమోనని ఒడ్డుకు లాగాను" అన్నారు.

ఆవిడకు సరిపడనిది ఇంకొకటి ఉండేది. గుర్తు అడగడం. మా సంఘంలో అది పెద్ద ఆచారం. ఏ పని తలపెట్టినా, "ప్రభువా, ఇది నీ చిత్తమైతే ఫలానాది జరిగించు" అని ప్రార్థనలో ఒక గుర్తు పెట్టుకుంటారు. అది జరిగితే దేవుడు సరేనన్నట్టు. రాత్రి మంచు పడినా ఈ గొర్రెబొచ్చు మాత్రం పొడిగా ఉండాలని బైబిల్లో ఒక భక్తుడు దేవుణ్ణి అడిగాడు కదా, మేం అక్కడ నేర్చుకున్నాం. గొర్రెబొచ్చు దొరకని చోట ఏది దొరికితే అది. ఒక సోదరుడు నాగాయలంక వైపు గేదెను కొనబోతూ, తను వెళ్ళగానే అది అరవాలని గుర్తు పెట్టుకున్నాడు. వెళ్ళాడు, అరిచింది, కొన్నాడు. అది పాలివ్వలేదు. సంఘంలో చెప్పుకుని బాధపడుతుంటే మామ్మగారు, "అది అరిచింది దేవుడి తరఫున అని నువ్వనుకున్నావు. 'నన్ను వీడికి అమ్మకండి' అని అది దాని తరఫున అరిచింది" అన్నారు.

ఇంత తెలిసీ, నా వంతు వచ్చేసరికి నేనూ గుర్తే అడిగాను.

అది నేను ఇంటరు పాసైన వేసవి. మా నాన్నకు వరిచేను ఉంది, పక్కనే రొయ్యల చెరువు. వైరసొస్తే చెరువు తెల్లారేసరికి ఖాళీ అయిపోతుందని ఆయనకు తెలుసు. అందుకే ఆయన లెక్కలో పరలోకం తర్వాత అంత భద్రమైన చోటు కంప్యూటర్ ఇంజినీరింగే. గుడివాడ వైపు ఒక కాలేజీని మనసులో పెట్టుకుని, చెరువు గట్టు మీద అందరికీ చెప్పేశారు కూడా.

నేను మాత్రం ఆ మే నెలలో యువజన కూటాలకు వెళ్ళి, దేవుని సేవకు సమర్పించుకునేవాళ్ళు చెయ్యెత్తండి అంటే ఎత్తి వచ్చాను. చల్లపల్లి దారిలో బైబిలు నేర్పే చిన్న సేవా శిక్షణ పాఠశాల ఉంది. అందులో చేరతానన్నాను. నాన్న ఆ రోజు అన్నం ముందు నుంచి లేచిపోయారు.

మూడోది ఒకటుంది. బందరులో డిగ్రీ, లెక్కలు. దాన్ని ఎవరితోనూ అనలేదు. అంటే నాన్న "బడిపంతులమ్మవవుతావా" అంటారు, సంఘంలో "దేవుని పిలుపును తోసేసింది" అంటారు. ఇద్దరి చేతా చీవాట్లు తినే దారి ఎవరు ఎంచుకుంటారు?

చెయ్యెత్తిన సంగతి చెబితే మామ్మగారు కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశారు.

"ఏ చెయ్యెత్తావు?"

"కుడి చెయ్యండి."

"మంచిది. ఎడమ చెయ్యి ఇంకా ఖాళీగానే ఉందిగా. దాంతో చదువుకో."

"నిజంగా పిలుపేనండి మామ్మగారూ."

"పిలుపొచ్చిందా, లెక్కలు రాలేదా?"

"లెక్కల్లో ఊరికి ఫస్టండి."

"అయితే పిలుపే అయ్యుండొచ్చు. చూద్దాం."

ఆ రోజుల్లోనే గుడివాడ వైపు కాలేజీ లెక్చరరు ఒకాయన మా ఇంటికి వచ్చారు. వేసవిలో మా వైపు కాలేజీల వాళ్ళు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని అడుగుతారు. ఎండలో చెమటలు కక్కుతూ వచ్చి, గోడ మీద బైబిలు వాక్యం రాసిన క్యాలెండర్ చూసి, గుమ్మంలోనే "ప్రైజ్ ది లార్డ్ అండీ" అన్నారు. నుదుట కుంకుమబొట్టు చెమటకు కారి ముక్కు మీదికి వచ్చింది. మామ్మగారు ఆ పూట మా ఇంట్లోనే భోజనానికి ఉన్నారు.

"మా కాలేజీలో అంతా ప్రార్థనా వాతావరణమేనండి. మీ అమ్మాయి ఆత్మీయ జీవితానికి ఏ ఢోకా ఉండదు" అన్నారాయన.

"చాలా సంతోషమండి. భోజనానికి లేస్తున్నాం, మీరే ప్రార్థన చేయండి" అన్నారు మామ్మగారు.

నాన్న తల వంచుకున్నారు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. పాపం ఆయన చేతులు కట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "ఓ ప్రభువా, ఈ అమ్మాయికి మా కాలేజీలో సీటు, బస్సు సౌకర్యం, హాస్టల్ వసతి, చివరి సంవత్సరంలో ఉద్యోగం..." దాకా లాక్కొచ్చి ఆగిపోయారు. కళ్ళు తెరిచి, "అమ్మా, నేను మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి భక్తుణ్ణండి. సీట్లు నింపకపోతే జీతం ఆపుతామన్నారు" అన్నారు.

"ఇదిగో, ఇది ప్రార్థన. నిజం చెప్పారు. కూర్చోండి" అని మామ్మగారు తన పళ్ళెంలో పడాల్సిన కొర్రమీను తలకాయ ఆయన పళ్ళెంలో వేయించారు. ఆయన శాకాహారినన్నారు. "ఇందాకే చెప్పొద్దూ" అని దాన్ని వెనక్కి తీసుకుని తనే తిన్నారు.

ఆయన వెళ్ళాక నాన్న పంతం పెరిగింది. నాదీ పెరిగింది. చేరే గడువు దగ్గరపడుతోంది. అప్పుడు గుర్తు పెట్టుకున్నాను. సోమవారం పొద్దున అవనిగడ్డ సెంటర్లో నిలబడతాను. ఆ దారిన గుడివాడ వైపు కాలేజీ బస్సు వస్తుంది, బందరు డిగ్రీ కాలేజీ బస్సు వస్తుంది, శిక్షణ పాఠశాల వ్యాను వస్తుంది. మొదట వచ్చి నా ముందు ఆగిన బండి ఏదైతే అదే దేవుని చిత్తం. ఇద్దరు ఏకీభవించి అడిగితే బలమని మామ్మగారి దగ్గరకు వెళ్ళి, నాతో కలిసి ప్రార్థించమన్నాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"ప్రార్థన దేనికి, నేనే వస్తాను. దేవుడి పనికి సాక్షి ఉండాలి కదా. నా కళ్ళద్దాల కాడ కూడా విరిగింది, అతికించుకోవాలి" అన్నారు.

సోమవారం తొలి బస్సుకు ఇద్దరం అవనిగడ్డలో దిగాం. టిఫిన్ బండి దగ్గర అట్లు పోస్తున్నారు. అరటిగెలల ఆటోలు దిగుతున్నాయి. నేను రోడ్డు వారగా నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థించాను. కళ్ళు తెరిచేసరికి మామ్మగారు గొడుగు కర్రలా ఆనించుకుని నన్నే చూస్తున్నారు.

"అమ్మాయ్, సోమవారమే ఎందుకు? మంగళవారం ఆయనకు కుదరదన్నారా?"

"ఊరికేనండి."

"సోమవారం శిక్షణ పాఠశాల వ్యాను కూరగాయలకు వస్తుంది కదూ. పొద్దున్నే వచ్చి, సరిగ్గా ఈ బడ్డీకొట్టు ముందే ఆపుకుంటాడు. కాలేజీ బస్సులు ఆ తర్వాత కదా వచ్చేది?"

ఆ సంగతి నాకు తెలుసు. తెలుసునని నాకే తెలియనట్టు ఉన్నాను, అంతే.

"దేవుడికి పరీక్ష పెట్టావు, బాగానే ఉంది. పేపరు కూడా ముందే లీక్ చేశావు. పాపం, ఆయన పాసవకుండా ఎలా ఉంటారు?"

ఏడుపొచ్చింది. అంతలో హారన్ మోగింది. కోడూరు వైపు వెళ్ళే ట్రాలీ ఆటో ఒకటి సర్రున వచ్చి మా ముందు ఆగింది. వెనక నిండా రొయ్యల మేత బస్తాలు. ఆ వాసనకు అట్లు తింటున్నవాళ్ళు పళ్ళేలు పట్టుకుని దూరంగా జరిగారు. డ్రైవరు తల బయటికి పెట్టాడు.

"మామ్మగారూ, వందనాలండి. ఊరికేనా? ఎక్కండి, ముందు సీటు ఖాళీయే."

మామ్మగారి ముఖం వెలిగిపోయింది. అటువంటి వెలుగు నేను క్రిస్మస్ నాడు కూడా చూడలేదు.

"ప్రార్థనలో ఏమన్నావు అమ్మాయ్?"

"మొదట వచ్చి నా ముందు ఆగిన బండి నీ చిత్తం ప్రభువా అన్నానండి."

"వచ్చింది, ఆగింది, నీ ముందే ఆగింది. రొయ్యల మేత కాలేజీ. నాలుగేళ్ళ కోర్సో, మూడేళ్ళదో డ్రైవరును అడుగు. ఎక్కు."

"ఏంటండీ, అమ్మాయికి ఫీడ్ కంపెనీలో ఉద్యోగమా?" అన్నాడు డ్రైవరు.

"ఇంకా తేలలేదు నాయనా. నువ్వెళ్ళు, దేవుడు నిన్ను దీవించుగాక. బండి కాస్త కడుగు."

వాడు వెళ్ళాడు. నాకు నవ్వు, ఏడుపు కలిసి ఎక్కిళ్ళు వచ్చాయి. ఆ తర్వాత తెల్ల వ్యాను రానే వచ్చింది. బడ్డీకొట్టు ముందే ఆగింది. గోనెసంచులు పట్టుకుని ఒకాయన దిగి కూరగాయల వైపు వెళ్ళారు. నేను కోరుకున్న బండి. నాకేం సంతోషం కలగలేదు. దంతవైద్యుడి దగ్గర మన పేరు పిలిచినట్టనిపించింది. గుడివాడ వైపు పసుపు బస్సు పాటలు పెట్టుకుని వెళ్ళిపోయింది. చివరికి బందరు బస్సు వచ్చి, పిల్లల్ని ఎక్కించుకుని, మలుపు తిరిగింది.

"మెడ నొప్పెట్టలేదూ?" అన్నారు మామ్మగారు.

"ఎందుకండీ?"

"ఆ బస్సు మలుపు తిరిగేదాకా తిరిగి తిరిగి చూశావు. మిగతా రెంటినీ చూడనే లేదు."

టిఫిన్ బండి దగ్గర బల్ల మీద కూర్చోబెట్టి అట్టు తినిపించారు. తను అల్లం చట్నీ మూడు మార్లు వేయించుకున్నారు. అప్పుడు చెప్పాను. లెక్కలంటే ఇష్టమని, ఒక లెక్క తేలినప్పుడు కలిగే హాయి పాటల పుస్తకం మూసినప్పటి హాయిలాగే ఉంటుందని, అది పాపమేమోనని. అసలు భయం కూడా చెప్పాను. మా వెనకింటి అక్క కాలేజీకి వెళ్ళి సంఘానికి రావడం మానేసింది. బయట కాలేజీలో నా విశ్వాసం కూడా పోతుందేమో. శిక్షణ పాఠశాలలోనైతే ఎక్కడికీ పోదు.

మామ్మగారు చట్నీ గిన్నె పక్కకు జరిపారు.

"నా విశ్వాసం ఎక్కడ పోయిందో తెలుసా?"

"మీదా అండీ?"

"పాస్టరుగారింట్లో. మా ఇంట్లోనే. వంటింట్లో. పొద్దస్తమానం వచ్చేపోయే సేవకులు, వాళ్ళకు పప్పు, చారు, వేన్నీళ్ళు. బయట ఆయన ప్రేమ గురించి ప్రసంగిస్తుంటే లోపల నేను చారులో ఉప్పు కావాలనే ఎక్కువేసేదాన్ని. ప్రార్థనకు కూర్చుంటే ఒక్క మాట వచ్చేది కాదు. పోయింది. బందరులో కాదు, సినిమా హాల్లో కాదు, దేవుడి మందిరానికి ఆనుకున్న ఇంట్లో పోయింది."

"మళ్ళీ ఎలా వచ్చిందండి?"

"అక్కడే దొరికింది. కందిపప్పు డబ్బా వెనకాల. పోయినచోటే వెతకాలి కదా." చట్నీ గిన్నె మళ్ళీ దగ్గరకు లాక్కున్నారు. "నీ ఈడులో నేను బందరులో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మొక్కల చదువు చదవాలని ఉండేది. వార్డెనమ్మగారు పిలిచి, పాస్టరు సంబంధం వచ్చింది, ఇది దేవుడి చిత్తం అన్నారు. నమ్మాను. అది దేవుడి చిత్తమో, వార్డెనమ్మగారి చిత్తమో ఇప్పటికీ తెలీదు. జీవితం మాత్రం బాగానే గడిచింది. అక్కడే వచ్చింది చిక్కు. పాడైపోతే ఆవిణ్ణి తిట్టుకోవడానికి ఉండేది."

"అయితే నన్నేం చేయమంటారండీ?"

"నేను చెప్పను. నువ్వే ఎంచుకో. తప్పు ఎంచుకుంటే ఆయన సర్దుకుంటారు. ఆయనకు అలవాటే."

ఆ సాయంత్రం నాన్నకు చెప్పాను. శిక్షణ పాఠశాల కాదన్నందుకు సంతోషించాలో, ఇంజినీరింగ్ కూడా కాదన్నందుకు కోప్పడాలో ఆయనకు తేలక, నేరుగా మామ్మగారింటికి వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను.

"మామ్మగారూ, మీరు చెప్తే వింటుందండి. ఒక్క మాట చెప్పండి."

"చెప్పను నాయనా. నేను చెప్తే దేవుడు చెప్పినట్టు వింటుంది. దాని జబ్బే అది. ఇప్పుడిప్పుడే తగ్గుతోంది."

నాన్న నాతో మాటలు మానేశారు. బందరు వెళ్ళి చేరి వచ్చింది నేనూ అమ్మా. ఇంకా అసలు గండం మిగిలే ఉంది. మా సంఘంలో కాలేజీలో సీటు వచ్చిన పిల్లలు ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాలి. దేవుడు తమను ఆ కాలేజీకి ఎలా నడిపించాడో చెప్పాలి. చెప్పకపోతే సంఘం దీవెన లేకుండా వెళ్ళినట్టు. నా ముందు లేచిన కుర్రాడు, కిటికీ మీద పావురం వాలడాన్ని బట్టి తనకు విజయవాడ కాలేజీ ఖాయమైందని చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. నాకూ ఒక కథ అల్లాలనిపించింది. లేచాక నోటికి రాలేదు.

"నేను గుర్తు అడిగానండి. మొదట రొయ్యల మేత బండి ఆగింది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. "అందుకని నేనే ఎంచుకున్నాను. నాకు లెక్కలంటే ఇష్టం. ఇది దేవుని చిత్తమో కాదో నాకు తెలియదండి. వెళ్తున్నాను. ప్రార్థించండి."

పొడుగు ప్రార్థనల పెద్దాయన గొంతు సవరించుకుని, "సొంత తెలివి మీద ఆనుకుని నడవకూడదు తల్లీ. ఇలాగైతే సంఘం ఎలా దీవిస్తుంది?" అన్నారు. పాస్టరుగారు ఆయన వైపు, నా వైపు చూస్తూ ఉండిపోయారు. వెనక వరసలో నాన్న తల పైకెత్తలేదు. కూర్చోవాలో, బయటికి వెళ్ళిపోవాలో తెలియక నేను నిలబడే ఉన్నాను.

ఆడవాళ్ళ వైపు గొడుగు నేలకు తాకిన చప్పుడయింది. మామ్మగారు లేచారు. ఎవరూ ప్రార్థించమని అడగలేదు. నా నెత్తి మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి చాలా బరువుగా ఉంది.

"ప్రభువుగారండీ, ఈ పిల్ల మీ ముందు అబద్ధం చెప్పలేదండి. ఎంచుకోవడం దాని వంతు, ఎంచుకుంది. ఇప్పుడు మీ వంతు."

అంతే. ఆమేన్ కూడా అనలేదు, కూర్చున్నారు. సంఘం ఎక్కడ ఆమేన్ అనాలో తెలియక అయోమయంలో పడింది. కాసేపటికి వెనక వరసలో నుంచి ఒక మగగొంతు "ఆమేన్" అంది. నాన్నది. ఇంటికి నడిచి వస్తుంటే, చాలా రోజుల తర్వాత నాతో మాట్లాడారు. "బందరు హాస్టల్లో చేపల కూర వండుతారా?" అని.

నా విశ్వాసం బందరులో పోయిందా అని అడుగుతారేమో. పోయింది. రెండో ఏడాదిలో. ఎవరూ లాక్కోలేదు, నేనేమీ చెడు తిరుగుళ్ళు తిరగలేదు. జేబుకు చిల్లుపడి నాణెం జారినట్టు జారిపోయింది. సెలవులకు వచ్చి మామ్మగారితో చెప్పాను.

"పోయిందండి."

"ఎక్కడ?"

"తెలీదండి. హాస్టల్లోనే ఎక్కడో."

"అయితే అక్కడే ఉంటుంది. అన్నం తిన్నావా?"

ఆ ఏడాదే, నా గదిలో ఉండే పెడన అమ్మాయి వాళ్ళమ్మను బందరులో ఆసుపత్రిలో చేర్చారు. వాళ్ళు మగ్గం నేసుకునేవాళ్ళు, వాళ్ళ దేవుళ్ళు వేరు. అయినా ఆ అమ్మాయి ఆసుపత్రి మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ప్రార్థన చేస్తావు కదా, మా అమ్మ కోసం చెయ్యవే" అంది. నా దగ్గర లేదని చెప్పలేకపోయాను. ఇంట్లో పంచదార నిండుకున్నా వచ్చినవాళ్ళను కూర్చోమన్నట్టు, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. నాలుగు మాటలయ్యాక అవతల ఎవరో వింటున్నారని తెలిసింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను. ఈ విషయం మామ్మగారికి ఫోన్‌లో చెబితే, "ఆ తల్లికి ఎలా ఉంది?" అని మాత్రం అడిగారు. తగ్గిందన్నాక, "స్తోత్రం. మరి నీకు లెక్కల్లో ఎన్నొచ్చాయి?" అన్నారు.

మామ్మగారి సమాధి కార్యక్రమానికి కోడూరు వెళ్ళాను. సాక్ష్యాలు చెప్పమన్నారు. తనను పాలిటెక్నిక్‌లో చేర్చింది ఆవిడేనని ఒకాయన అన్నాడు. నర్సింగుకు పంపింది ఆవిడేనని ఒకామె ఏడ్చింది. ఇప్పుడు వేరే ఊళ్ళో పాస్టరుగా ఉన్నాయన, ఆవిడ మాట వల్లే సేవకు వచ్చానన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పి ఉండరు. అట్టు పెట్టించి, ఒక ప్రశ్న వేసి, వీళ్ళ జవాబునే వీళ్ళ చేతికిచ్చి పంపి ఉంటారు. సాక్ష్యానికి లేచి నేనూ, "నన్ను బందరులో చేర్చింది మామ్మగారే" అనబోయి, నాలుక కరుచుకుని కూర్చున్నాను.

ఇదంతా రాయడానికి ఇంకో కారణం ఉంది. నిన్న బందరులో మా సంఘానికి వచ్చే ఒక తల్లి, ఇంటరు పాసైన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "మేడమ్, మీరు ఉపవాసముండి ప్రార్థన చేయండి. దేవుడు మీకు ఏ కాలేజీ చూపిస్తే పిల్లను అందులో వేస్తాం" అంది. ఆ పిల్లకు ఏది మంచిదో నాకు వెంటనే తట్టింది. ఎంత స్పష్టంగా తట్టిందంటే, దేవుడే చెప్పాడని నేను ఒట్టేసేదాన్ని. నోట్లో మాటను కాఫీతో మింగేసి, "నీకేది ఇష్టం?" అని పిల్లను అడిగాను. తల్లి జవాబు చెప్పింది. మళ్ళీ పిల్లనే అడిగాను. మళ్ళీ తల్లే చెప్పింది. "ఏమీ అనుకోకండి, నాకు మోకాళ్ళ నొప్పి, ఇంకో కాఫీ మీరే కలిపి తెస్తారా" అని ఆవిణ్ణి మా వంటింట్లోకి పంపాను. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ప్రభువు క్షమించుగాక.

అప్పుడు ఆ పిల్ల చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. అది ముందు వాళ్ళమ్మ వినాలి. ఆదివారం ఆరాధన అయ్యాక తనే చెబుతానంది. చెబుతానంటూనే వంటింటి తలుపు వైపు చూసింది.

అందుకని, ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం ఆగి నాతో ఏకీభవించండి. తండ్రీ, ఆ పిల్ల నోరు తెరువు. వాళ్ళమ్మ చెవులు తెరువు. ఆదివారం దాకా నా నోరు మాత్రం మూసి ఉంచు. ఆమేన్.